వెలుగులో పచ్చసొన

నంద్యాలలో బోర్డులు రాసే పరంజ్యోతికి దర్శనం అయిందన్న సంగతి మొదట తెలిసింది ఆయన భార్య రూతుకు. ఆమె నమ్మలేదు. మున్సిపల్ స్కూల్లో రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. అబద్ధాన్నీ, గొప్పలనీ, బడి ఎగ్గొట్టే కడుపునొప్పినీ మొహం చూసి పసిగట్టగలదు. "మిట్టమధ్యాన్నం గోడకు నిలబడి పని జేస్తే దర్శనం గాక ఇంకేమొస్తాది? వడదెబ్బ," అని మజ్జిగలో ఉప్పేసి చేతికిచ్చింది.

వడదెబ్బ కాదని పరంజ్యోతి ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. జరిగింది ఇదీ. మే నెలలో ఆళ్లగడ్డ రోడ్డు పక్కన ఒక గోడ మీద పత్తి విత్తనాల కంపెనీ పేరు రాస్తున్నాడు. చివరి అక్షరానికి వచ్చేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. పక్కనే ఉన్న కాలువలోకి దిగి, నీళ్లలో మొహం ముంచి, కళ్లు తెరిచాడు. లోపల వెలుగు కనిపించింది. ఎండ నీళ్ల మీద పడితే వచ్చే మెరుపు కాదది. పల్చటి పసుపు, దాని వెనక నీలం, నీలం వెనక ఎరుపు, వాటన్నిటికీ వెనక ఎక్కడో, చాలా లోపల, కదలకుండా నిలిచిన తెలుపు. ఊపిరి పట్టగలిగినంతసేపు చూశాడు. తల ఎత్తి గాలి పీల్చుకుని మళ్లీ ముంచితే బురద కనిపించింది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చివరిదాకా చెప్పలేకపోయాడు. డాక్టరు "నీళ్లలో తల ముంచి" అన్న దగ్గరే ఆపి షుగరు పరీక్ష రాశాడు. పాస్టరు వెలుగు అనే మాట వినగానే లేచి చెయ్యి పట్టుకుని, ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నాడు. కాకపోతే కాలువ సంగతి వదిలేసి, మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండగా కనిపించిందని చెబితే సంఘానికి మేలు జరుగుతుందని సలహా ఇచ్చాడు. పరంజ్యోతి సాక్ష్యం చెప్పలేదు. కాలువ లేకపోతే ఆ వెలుగే లేదు మరి.

ముప్పై ఏళ్లుగా ఆయన రాసినవన్నీ ఇతరుల పేర్లు. సిమెంటు కంపెనీలు, మందుల దుకాణాలు, లారీ ఓనర్ల పిల్లలు, ఎన్నికల్లో నిలబడి పడిపోయినవాళ్లు. తనదంటూ వేసిన బొమ్మ ఒక్కటే, అదీ చర్చి గోడ మీద గొర్రెపిల్ల. వాళ్ల సంఘంలో గోడ మీద బైబిలు వాక్యం ఉండొచ్చు గానీ బొమ్మ ఉండకూడదు. పైగా ఆ గొర్రెపిల్లకు ఎలాగో గడ్డం వచ్చింది. సంఘ పెద్ద స్టీఫెన్ సారు, రిటైరైన హెడ్మాస్టరు, దాన్ని కాసేపు చూసి, "మేకకు మొక్కే సంఘం గాదప్పా మనది," అని అప్పటికప్పుడు సున్నం కొట్టించాడు. ఆ సున్నం కూడా పరంజ్యోతి చేతే కొట్టించాడు.

అలాంటి మనిషికి ఇప్పుడు ఒకటే కోరిక పట్టుకుంది. నీళ్లలో తను చూసినదాన్ని ఇంకో మనిషి చూడాలి. ఊరంతా చూడనక్కర్లేదు, ఒక్కరు చాలు. చెప్పబోతే వినేవాళ్లు లేరు కాబట్టి వేసి చూపించాలి. వేయబోతే కుదరడం లేదు. డబ్బా రంగు పూస్తే పైపైన నిగనిగలాడుతుందే గానీ లోపలికి పోదు. చెక్కముక్కలు పాడయ్యాయి, రూతు ఓపిక పాడయింది, వెలుగు మాత్రం రాలేదు.

ఆ చిక్కు విడదీసింది కూతురు ఏంజెల్. నర్సింగు చదివి నంద్యాలలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఒకరోజు ఫోన్ తెచ్చి తండ్రి మొహం ముందు పెట్టింది. "నాయనా, యా దేశమో ఏమో గాని, ఈ ముసలాయనకూ నీ మాదిరే పిచ్చి పట్టినట్టుండాది. జూడు."

ఫోన్లో తెల్లగడ్డం ముసలాయన గుడ్డు పగలగొట్టి, పచ్చసొనను ఈ అరచేతి నుంచి ఆ అరచేతికి మార్చుకుంటూ తెల్లసొన వదిలించుకుంటున్నాడు. తర్వాత ఆ పచ్చసొనలో అవిసె నూనె, తెల్లటి పొడి కలిపి నూరాడు. వెలుగు ఎక్కడెక్కడ ఉండాలో అక్కడ ఆ తెలుపుతో సన్నగా గీతలు గీశాడు. ఆరాక దాని మీద ఎర్ర రంగును నూనెలో బాగా పల్చన చేసి, అడుగున తెలుపు కనబడేట్టు పూశాడు. మళ్లీ పచ్చసొన కలిపిన తెలుపు, మళ్లీ పల్చటి నీలం, మళ్లీ అదే తెలుపు. అన్నిటికీ పైన పసుపు పూత ఒక్కటి, అందులో నూనే తప్ప గుడ్డు లేదు. ఆ పూత పడగానే బొమ్మ లోపల ఎవరో దీపం పెట్టినట్టయింది. బయటి వెలుతురు పొరలన్నీ దాటి లోపలికి పోయి, అడుగున తెలుపుకు తగిలి, రంగులన్నిటినీ వెంటబెట్టుకుని తిరిగి వస్తుందన్నమాట. ఇంగ్లీషు ముక్క రాకపోయినా పరంజ్యోతికి ఇదంతా అర్థమైపోయింది. ఫోన్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు, ఇంట్లోవాళ్లు భరించలేనంతగా మారాడు. గడ్డం పెంచాడు. తెల్ల లాల్చీలు కుట్టించుకున్నాడు. అన్నంలోకి ఉప్పు అడగాలన్నా ఒకసారి కళ్లు మూసి తెరిచి అడిగేవాడు. ఒక్కో పూతకు ఒక్కో ఉపవాసం పెట్టుకున్నాడు. ఎర్ర పూతప్పుడు కోపం విడవాలట, నీలం పూతప్పుడు ఆశ విడవాలట, పసుపు పూతకు వచ్చేసరికి నేను అనేదే మిగలకూడదట. ఈ సూత్రాలేవీ ఆ వీడియోలో లేవు. కోపం విడిచిన రోజే, ఆరబెట్టిన చెక్కకు తోక తగిలించిందని ఒక కుక్కను వీధి చివరిదాకా తరిమాడు.

"నీకు పూత మీద పూత పడతాంటే నాకు ఓపిక పొర పొరగా లేచిపోతాంది," అంది రూతు.

ఇల్లంతా గుడ్లు. పచ్చసొన బొమ్మకు పోగా తెల్లసొన మిగిలిపోయేది. రూతు మొదట్లో అట్టు పోసింది, కూరలో కలిపింది, స్కూలుకు టిఫిన్లో పట్టుకుపోయింది. తెల్లగా ఉన్నది ఏది చూసినా కడుపులో తిప్పే దశ వచ్చాక దేవుడు అజయ్ కుమార్‌ను పంపాడు. పక్క వీధిలో జిమ్ నడిపే అజయ్ కుమార్ జిల్లా కండల పోటీలకు తయారవుతున్నాడు. అతనికి తెల్లసొన అమృతం, పచ్చసొన విషం. ఇద్దరూ కలిసి అట్టలకు అట్టలు గుడ్లు కొని పంచుకోసాగారు. ఒకే గుడ్డుతో ఒకరు శరీరాన్నీ ఒకరు ఆత్మనూ పెంచుకుంటూ బాగా కలిసిపోయారు.

కాలువ వెలుగు లోతు అందకపోయినా మొదటగా కాస్త కుదిరిన చిన్న బొమ్మను ఏంజెల్ తమ ఆసుపత్రిలో డాక్టరు గది ఎదురుగా తగిలించింది. కళాభిమానంతో కాదు, అక్కడ గోడ పెచ్చు ఊడింది. ఆళ్లగడ్డ నుంచి మోకాళ్ల నొప్పులతో వచ్చిన రామసుబ్బమ్మ దాని ముందు కూర్చుంది. డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు. ఇంటి దగ్గర పొలమూ కూలీలూ అంటూ క్షణం కుదురుగా ఉండని మనిషి, ఆ పూటంతా కాళ్లు చాపుకుని ఆ బొమ్మనే చూస్తూ కూర్చుంది. లేచేసరికి నొప్పి తగ్గింది. డాక్టరు వచ్చి చీటీ రాయబోతే, "నీ మందు నాకొద్దులేప్పా. ఈ బొమ్మ ఎవరేసినారో అది జెప్పు," అంది.

రామసుబ్బమ్మది ఆళ్లగడ్డ దగ్గర తరాలుగా భూములున్న ఇల్లు. భర్త పోయిన ఏడు నీచు మానేసింది, తన స్థలంలో ధ్యాన మందిరం కట్టించింది. అందులో విగ్రహం లేదు. చుట్టూ ఎటు చూసినా రాతి విగ్రహాలు చెక్కే షెడ్లే, రోజూ లారీల్లో దేవుళ్లు ఊళ్లకు బయలుదేరుతుంటారు. అన్ని రూపాలు చూసి చూసి ఆమెకు రూపం లేనిది కావాలనిపించింది. మర్నాడే నంద్యాల వచ్చి పరంజ్యోతి ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మా మందిరంలో గోడంత పెద్దదిగా ఆ వెలుగు వెయ్యాలప్పా. నీచు తింటావా?"

"ఆదివారం ఒగ పూటమ్మా."

"బొమ్మ అయ్యేదాకా మానెయ్యి. మా మందిరం గడప లోపలికి ఉల్లిగడ్డ గూడ రానీం."

మానేస్తానన్నాడు, నిజంగానే మానేశాడు. గుడ్డు సంగతి ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. దాచాలని కాదు. ఆయన లెక్కలో గుడ్డు అప్పటికే తిండి జాబితాలోంచి రంగుల జాబితాలోకి మారిపోయింది. రూతు ఒకసారి గుర్తు చేస్తే, "నేను తినను గదా, బొమ్మ తింటాది," అన్నాడు. అప్పుడే ఆమె గట్టిగా అడ్డు చెప్పాల్సింది. కానీ ఈ పనితో ఆయన కొన్నాళ్లు ఆళ్లగడ్డలో ఉంటాడన్న సంతోషంలో ఊరుకుంది.

మందిరంలో దుప్పటంత చెక్క పలకను గోడకు బిగించారు. వెనక గదిలో పరంజ్యోతి మకాం. గుడ్లు సంచిలో వచ్చేవి, పెంకులు సంచిలోనే పోయేవి. పక్క షెడ్లలో విగ్రహాలు కోసే యంత్రాల నుంచి రాతి పొడి ఎగిరొచ్చి తడి పూత మీద పడకుండా కిటికీలకు తడిగుడ్డలు కట్టాడు. అయినా కొంత పడింది. ఎరుపులో ఆ పొడి సన్నగా మెరుస్తుంటే తీసేయబుద్ధి కాక అలాగే ఉంచాడు.

అక్కడ ఆయనకు మింగుడుపడని సంగతి ఒకటుంది. రోజూ సాయంత్రం జనం వచ్చి పలకకు ఎదురుగా వరసల్లో కూర్చుంటారు. రామసుబ్బమ్మ గంట కొట్టగానే కళ్లు మూసుకుంటారు. మళ్లీ ఆమె గంట కొట్టేదాకా తెరవరు. తెరవగానే చెప్పులు వెతుక్కుని ఇంటికి పోతారు. కళ్లు మూసుకునే జనానికి బొమ్మ దేనికని ఒకరోజు మందిరం కార్యదర్శి వెంకటేష్‌ను అడిగేశాడు. వెంకటేష్‌ది ఎరువుల వ్యాపారం. ఆధ్యాత్మికంలో కూడా ఏ చక్రానికి ఎంత మోతాదు వేయాలో చెప్పగలడు.

"చూస్తే ఏమొస్తాదప్పా? కంపనాలు రావాల. నీ ఎర్ర పూత పడినకాడి నుంచి నాకు మూలాధారం కాడ ఒకటే జుమ్ముమంటాంది," అన్నాడు.

పక్క షెడ్డువాళ్లు పెద్ద రాతికోత యంత్రం దించింది కూడా ఆ వారమే. నేలంతా అదురుతోంది. పరంజ్యోతి ఆ మాట చెప్పలేదు, ఎవరి కంపనాలు వాళ్లవి. కమలాక్షమ్మ అనే ఆవిడకు నీలం పూతతో ఆయాసం తగ్గిపోయింది. ఇంకొకాయనకు కోర్టు కేసు వాయిదా పడింది. బొమ్మను నిజంగా చూసేది రామసుబ్బమ్మ ఒక్కతే. మధ్యాహ్నం ఎవరూ లేని వేళ వచ్చి, కాసేపు నిలబడి, పలక అంచుకు నుదురు ఆనించి పోయేది. ఆమెకు కూడా వెలుగు ఇంకా కనబడటం లేదని పరంజ్యోతికి తెలుసు. అది పసుపు పూత పడితే తప్ప బయటికి రాదు. "ఇంకొక్క పూతమ్మా, ఇంకొక్క పూత," అనేవాడు.

ఆ ఒక్క పూత మిగిలి ఉండగా, ఒక సాయంత్రం జనం చెప్పులు వెతుక్కునే సమయానికి గేటు ముందు బైకు ఆగింది. చేతుల్లేని బనీనుతో అజయ్ కుమార్ దిగాడు. చేతిలో స్టీలు క్యాను.

"అన్నా, పరంజ్యోతన్న యాడుండాడు?" అని వెంకటేష్‌నే అడిగాడు. "ఎన్నాళ్లాయనో నంద్యాలకే రాకపాయె. పోటీలు దగ్గరికొచ్చినాయి. నా వాటా తెల్లసొన తీస్కపోదామని వచ్చినా."

"ఏం సొన?"

"కోడిగుడ్డు సొనన్నా. పచ్చది బొమ్మకు, తెల్లది నాకు. అట్ల మాట్లాడుకున్యాం." ఆపైన చెయ్యి మడిచి కండ చూపించాడు. "జూడన్నా, ఇదంతా మీ మందిరం దయే."

కమలాక్షమ్మకు అక్కడికక్కడే ఆయాసం తిరిగొచ్చింది. ఒకాయన కుళాయి దగ్గరికి పరిగెత్తి నోరు పుక్కిలించాడు, నోట్లోకి ఏం పోయిందో మరి. రిటైరైన లెక్చరరు ఒకాయన సర్దిచెప్పబోయాడు. సృష్టికి మూలమే అండమనీ, అందుకే బ్రహ్మాండం అంటారనీ మొదలుపెట్టాడు. "అది కోడి పెట్టింది గాదులేప్పా," అని రామసుబ్బమ్మ ఆయన నోరు మూయించింది. వెనక గదిలోకి పోయి, పరంజ్యోతి చేతిలో, పొద్దున చివరి తెలుపు కలిపి ఇంకా కడగని గిన్నెను చూసింది.

"గుడ్డేనా?"

వెంకటేష్ ఆమె వెనక నుంచి సైగల మీద సైగలు చేస్తున్నాడు. బొమ్మ ప్రారంభోత్సవానికి కర్నూలు నుంచి పెద్దమనిషి వస్తున్నాడు, కార్డులు పంచేశారు. "పాలని చెప్పప్పా. లేకుంటే పెరుగని చెప్పు. ఆ కండలోడు తాగొచ్చినాడని నేను జెప్తా," అని గుసగుసలాడాడు.

పరంజ్యోతి నోరు తెరిచాడు. పాలు అనే రెండక్షరాలు నాలుక చివరిదాకా వచ్చాయి. అంటే చాలు, రేపు పసుపు పూత పడుతుంది, వెలుగు బయటికొస్తుంది, ఒక్కరు కాదు ఊరంతా చూస్తుంది. ఆ మాట అనడానికి ఆయన నిజంగానే సిద్ధపడ్డాడు. కానీ ఎదురుగా నిలబడిన ఆమె నుదుటి మీద పలక అంచు తాలూకు నీలం మరక ఇంకా ఉంది.

"గుడ్డేనమ్మా," అన్నాడు.

ఆమె అరవలేదు. "నేను దానికి నుదురు ఆనించినా గదప్పా. రోజూ ఆనించినా. మా ఆయన పోయినప్పుడు పట్టిన నేమం. ఒక్క మాట ముందే జెప్పింటే నీ సొమ్మేం పోయింటాది?"

పరంజ్యోతికి తల కొట్టేసినట్టయింది. ఇన్ని ఉపవాసాలు చేసి, కోపం విడిచి, ఆశ విడిచి, ఒక మనిషి మనసు గురించి ఒక్క నిమిషం ఆలోచించనందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా నోరు ఊరుకోలేదు. "ఆఖరి పూత ఒకటుండాదమ్మా. దాంట్లో గుడ్డు లేదు. ఉత్త నూనె..."

"నీ సామాన్లు తీస్కొని పో."

పలకను గోడ నుంచి పీకితే గోడ పడేట్టుంది. సున్నం కొడదామంటే పెద్దమనిషి వచ్చేలోగా ఆరదు. అప్పుడు వెంకటేష్ తన వ్యాపార బుద్ధి చూపించాడు. బొమ్మను ఫోన్లో ఫోటో తీశాడు, ఫ్లెక్సీ కొట్టించాడు, గోడకు మూరెడు ముందు ఇనుప కమ్మీ వేసి పలకకు అడ్డంగా వేలాడదీశాడు. ప్లాస్టిక్‌లో గుడ్డు ఉండదు, ఉల్లిగడ్డ కూడా ఉండదు. వెలుగు కొంచెం డల్లుగా ఉందని ఫ్లెక్సీ కుర్రాళ్లతో చుట్టూ కిరణాలు పెట్టించాడు. అడుగున తామరపువ్వు, ఆ పువ్వు పక్కన చేతులు జోడించిన తన ఫోటో. కర్నూలు పెద్దమనిషి ఆ ఫ్లెక్సీ ముందు కూర్చుని కళ్లు మూసుకుని కన్నీరు కార్చాడు. కమలాక్షమ్మకు ఆయాసం మళ్లీ తగ్గింది.

నంద్యాలలో పరంజ్యోతి గడ్డం గీయించేశాడు. లాల్చీలు మడిచి పెట్టెలో పెట్టాడు. పనికి పోవడం, రావడం, గోడకు ఆనుకుని కూర్చోవడం. అన్నంలోకి ఉప్పు మామూలుగానే అడుగుతున్నాడు. అది చూసి రూతుకు భయం వేసింది.

"ఏమయ్యా, ఆ మిగిలిన పూతలో గుడ్డుందా?" అనడిగింది ఒక సాయంత్రం.

"లేదు. నూనె, పసుపు రంగు. అంతే."

"ఆయమ్మ నేమం చెడదు గదా?"

"చెడదు."

"అది పడకుంటే?"

పరంజ్యోతి కంచంలో మెతుకులు ఒక పక్కకు జరిపాడు. "నేను జూసింది నాతోనే పోతాది," అన్నాడు.

రూతు కంచం తీసి పక్కన పెట్టింది. "పోయి వేసి రా. వాళ్లంతా కండ్లు మూసుకునే కూచుంటారంటివే. నీకేం అడ్డం?"

మర్నాడు ఆయన ఆళ్లగడ్డ బస్సు దిగి మందిరం వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. సంచిలో రంగు కలిపిన సీసా, వెడల్పు బ్రష్షు, పాత పంచె ముక్క. లోపల గంట మోగాక కాసేపు ఆగి తొంగిచూశాడు. వరసల నిండా మూసిన కళ్లు. పక్కగా కుర్చీలో, మోకాళ్ల వల్ల నేల మీద కూర్చోలేని రామసుబ్బమ్మ, ఒళ్లో గంట. ఆమె కళ్లూ మూసే ఉన్నాయి. పిల్లిలా నడిచి పోయి, ఫ్లెక్సీని కింది నుంచి చుట్టుకుంటూ పైకెత్తి కమ్మీకి కట్టాడు. ఫ్లెక్సీ పటపటమంది. ముందు వరసలో వెంకటేష్ ఒళ్లు జలదరించింది గానీ కళ్లు తెరవలేదు. పక్క షెడ్డులో యంత్రం రాయి కోస్తూ కూతపెడుతోంది, ఆ చప్పుడే ఆయనకు కొండంత అండ.

సీసా మూత తీసి, పై మూల నుంచి పూత మొదలుపెట్టాడు. బ్రష్షుతో పరిచి, పంచె ముక్కతో అద్ది, అరచేత్తో రాస్తూ పల్చన చేసుకుంటూ పోతున్నాడు. పసుపు పాకిన చోటల్లా నీలం వెనక్కి జరిగింది, ఎరుపు దాని వెనక నిలబడింది, తెలుపు కదిలింది. నూనె వాసన హాలంతా కమ్ముకుంది. వెంకటేష్ ముక్కుపుటాలు ఎగరేసి, ఏదో దివ్య పరిమళాన్ని గుండెల నిండా పీల్చుకున్నాడు.

సగం అయ్యేసరికి యంత్రం ఆగిపోయింది. షెడ్డువాళ్లు పని ముగించారు. అంటే ధ్యానానికి కూడా సమయం అయిపోయింది, ఇక గంట మోగాలి. ఆ నిశ్శబ్దంలో బ్రష్షు చెక్క మీద పాకే చప్పుడు పరంజ్యోతికే పెద్దగా వినిపించింది. భయం భయంగా తల తిప్పాడు. రామసుబ్బమ్మ కళ్లు తెరిచి ఆయన్నే చూస్తోంది.

బ్రష్షు కింద పెట్టాలో, పరిగెత్తాలో, కాళ్ల మీద పడాలో పరంజ్యోతికి తోచలేదు. ఆమె చూపు ఆయన మీది నుంచి పలక మీదకు పోయింది. పూత పడిన సగాన్నీ, పడని సగాన్నీ మార్చి మార్చి చూసింది. ఒళ్లో ఉన్న గంట ఎత్తింది. ఎత్తి, దాని నాలుకను రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుంది. అలాగే పట్టుకుని కూర్చుంది.

ఆయన మిగతా సగం మొదలుపెట్టాడు.

గంట ఎంతకీ మోగకపోయేసరికి హాల్లో ధ్యానం పాకానపడింది. వెంకటేష్ కాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారాయి. కమలాక్షమ్మ పిరుదులు మార్చి మార్చి కూర్చుంది. లెక్చరరు గారి కడుపు గట్టిగా కూసింది. ఒకరికి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. కళ్లు తెరిస్తే ఏమైందో ఆ క్షణమే తెలుస్తుంది, కానీ ముందుగా తెరిచినవాడికి ధ్యానం కుదరలేదని మిగతావాళ్లు అనుకుంటారు. ఆ పరువు కోసం అందరూ పళ్లు బిగించి, రెప్పలు బిగించి కూర్చున్నారు.

చివరి మూల దగ్గర అరచేత్తో పూతను అంచుదాకా లాగి, పరంజ్యోతి వెనక్కి జరిగాడు. కాలువ నీళ్లలో చూసింది ఎదురుగా ఉంది. ఎక్కడా తక్కువ కాలేదు, ఎక్కడా ఎక్కువ కాలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. అరచేతులకు రంగు ఉండటం వల్ల మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

రామసుబ్బమ్మ గంట నాలుక వదలకుండానే కుర్చీ పట్టుకుని లేచింది. వరసల పక్కగా నడిచి వచ్చి పలక ముందు నిలబడింది. ఏ అద్భుతమూ జరగలేదు. ఆమె నోరు కొంచెం తెరుచుకుంది, అంతే.

"ఎంత దూరముండాదప్పా, లోపలికి," అంది గొంతు తగ్గించి.

పరంజ్యోతి తల ఊపాడు. చూసింది. ఇంకో మనిషి చూసింది. నడిరోడ్డు మీద నిలబడి కేకలు పెట్టాలన్నంత సంతోషం వచ్చింది.

"గుడ్డుండాది దీంట్లో," అంది ఆమె మళ్లీ.

"ఉండాదమ్మా. తప్పు నాదే."

ఆమె ఇంకా పలకనే చూస్తోంది. "ఉండనీలే," అంది. ఈసారి నుదురు ఆనించలేదు, పూత తడిగా ఉంది. ఆనించడానికి రేపు వస్తానన్నట్టుగా అంచు దగ్గర గాలిలో వేలితో ఒకసారి తాకి, వెనక్కి తిరిగింది. వరసల నిండా బిగించిన రెప్పలు, ముడుచుకున్న మొహాలు, చెమటలు కక్కుతూ వెంకటేష్. ఒక్క కన్నయినా తెరుచుకుంటుందేమోనని చూసింది. తెరుచుకోలేదు.

"వీండ్లకు ఆ ఫ్లెక్సీ చాల్లేప్పా," అంది. "దించు."

పరంజ్యోతి దించాడు. ఆమె పోయి కుర్చీలో కూర్చుని, వేళ్లు వదిలి, గంట కొట్టింది.